రెడ్ వైన్‌లో రక్తనాళాలకు పనికొచ్చేది మద్యమా, ద్రాక్ష తొక్కా?

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ప్రశ్న ఇది: నాన్నగారికి 58 ఏళ్లు. బీపీ 150/94 దగ్గర ఉంటోంది. బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా., షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఇంతకుముందు మద్యం అలవాటు లేదు. అమెరికా నుంచి వచ్చిన మామయ్య రోజూ రాత్రి ఒక గ్లాసు రెడ్ వైన్ తాగితే రక్తనాళాలు తెరుచుకుంటాయని చెప్పి ఒక బాటిల్ ఇచ్చి వెళ్లారు. తాగించవచ్చా? లేదంటే ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థం మాత్రలు కొనాలా?

తాగించకండి, మాత్రలూ కొనకండి. అయితే మీ మామయ్య చెప్పింది గాలి మాట కాదు. రెడ్ వైన్‌లో రక్తనాళాలను సడలించే పదార్థాలు ఉన్న మాట నిజం. అవి ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వచ్చినవి. వాటితోపాటు అదే గ్లాసులో ఉన్న ఆల్కహాల్ మాత్రం బీపీ విషయంలో వాటికి ఎదురు పనిచేస్తుంది. ఆ రెండింటినీ విడదీసి చూసిన పరీక్షలు జరిగాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రక్తనాళం లోపలి గోడకు ఒకే ఒక్క వరుస కణాల పొర ఉంటుంది, దాన్ని ఎండోథీలియం అంటారు. చాలాకాలం దాన్ని ఉత్త పూతగానే చూశారు. 1980లో అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కలతో చేసిన ప్రయోగాల్లో, ఆ పొర చెదరకుండా ఉంటే ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనం వేసినప్పుడు నాళం సడలుతోందని, పొరను గీకేస్తే సడలడం లేదని తేలింది. అంటే సడలమనే కబురు ఆ పొర నుంచే వెళుతోంది. ఆ కబురు మోసేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత బయటపడింది. దీనికే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ ఇచ్చారు. ఈ వాయువు కొన్ని సెకన్లే బతుకుతుంది. పక్కనున్న కండర కణంలోకి దూరి అక్కడ కాల్షియం తగ్గేలా చేస్తుంది, కండరం వదులవుతుంది, నాళం వెడల్పవుతుంది. మీ నాన్నగారి ఆమ్లోడిపిన్ కూడా అదే కండర కణం మీద పనిచేస్తుంది, కాకపోతే కాల్షియం లోపలికి వచ్చే దారినే మూస్తుంది.

1993లో ఎలుక బృహద్ధమని ముక్కల మీద వైన్‌ను, ద్రాక్షరసాన్ని, ద్రాక్ష తొక్కల సారాన్ని విడివిడిగా వేసి చూశారు. మూడూ సడలించాయి. లోపలి పొర తీసేసిన ముక్కల్లో ఆ ఫలితం రాలేదు. మద్యం లేని ద్రాక్షరసంతోనూ ఆ పని జరిగిందన్నది ఇక్కడ గమనించాలి. ఆ తర్వాతి పరిశోధనలు ఇంకొంచెం లోపలికి వెళ్లాయి: ద్రాక్షలోని పాలీఫినాల్స్ (తొక్కకు, గింజకు రంగు, వగరు ఇచ్చే పదార్థాలు) తగలగానే ఎండోథీలియం కణాల్లో ఒక సంకేతాల గొలుసు కదులుతుంది, నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైము మీద ఫాస్ఫేట్ చేరి అది చురుకవుతుంది. లండన్‌లో రోజర్ కార్డర్ బృందం 2001లో ఇంకో కోణం చూపించింది. నాళాన్ని బిగించే ఎండోథీలిన్-1 అనే పదార్థం తయారీని రెడ్ వైన్ సారం తగ్గిస్తోందని పశువుల రక్తనాళ కణాల్లో కనుక్కున్నారు. 2006లో అదే బృందం ఈ పని ప్రధానంగా ప్రోసయానిడిన్స్ అనే వగరు పదార్థాలదని (టానిన్లదని), ఫ్రాన్స్ నైరుతి ప్రాంతపు వైన్లలోనూ సార్డీనియా దీవిలోని నువోరో ప్రాంతపు వైన్లలోనూ అవి ఎక్కువని చూపించింది.

ఇవన్నీ 'యాంటీఆక్సిడెంట్లు' అని, రక్తంలో మలినాలను కడిగేస్తాయని వాట్సాప్‌లో తిరిగే మాటను పక్కన పెట్టండి. రక్తంలో విటమిన్ సి, యూరిక్ ఆమ్లం ఎప్పుడూ ఉండేవే. వాటి ముందు తిండి ద్వారా చేరే పాలీఫినాల్స్ అతి స్వల్పం. అంత కొద్ది మొత్తంతో కడగడం కుదరదు. కణానికి సంకేతం ఇవ్వడమే అవి చేసే పని.

వైన్‌లోకి ఇవి ఎలా వస్తాయో తెలిస్తే వంటింట్లో మనం ఎక్కడ పోగొట్టుకుంటున్నామో కూడా తెలుస్తుంది. ద్రాక్ష గుజ్జులో పాలీఫినాల్స్ చాలా తక్కువ. నలుపు, ఊదా రంగులనిచ్చే ఆంథోసయానిన్లు తొక్కలో, కాటెకిన్లు, ప్రోసయానిడిన్లు ఎక్కువగా గింజలో, కొంత తొక్కలో ఉంటాయి. రెడ్ వైన్‌ను తొక్కలు, గింజలతో కలిపే రోజుల తరబడి పులియబెడతారు. రంగు మొదటి రోజుల్లోనే దిగుతుంది, గింజలోని టానిన్ మాత్రం ఆల్కహాల్ పెరిగాక నెమ్మదిగా దిగుతుంది. వైట్ వైన్‌కు రసం పిండి తొక్కలు ముందే తీసేస్తారు. అందుకే రెడ్ వైన్ లీటరులో మొత్తం పాలీఫినాల్స్ సుమారు 1 నుంచి 3 గ్రాములుంటే వైట్ వైన్‌లో 0.2–0.3 గ్రాముల దగ్గరే ఆగుతాయి. మనం మిక్సీలో ద్రాక్ష వేసి వడకట్టి, జాలిలో మిగిలిన పిప్పి పారేసినప్పుడు జరిగేది కూడా ఇదే. చక్కెర గ్లాసులోకి, పనికొచ్చేది చెత్తబుట్టలోకి.

ఇక ఈ సారాలను ప్రయోగశాలలో కణాల మీద నేరుగా పోసినప్పుడు వాడే గాఢతకూ, మనిషి తాగాక రక్తంలో కనిపించే గాఢతకూ చాలా తేడా ఉంది. చాలాసార్లు పది రెట్లు, వంద రెట్లు కూడా. పెద్ద ప్రోసయానిడిన్ అణువులు పేగు గోడ దాటవు. అవి పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా ముక్కలు చేసి చిన్న అణువులుగా రక్తంలోకి పంపుతాయి, దానికి గంటలు పడుతుంది. ఎపికాటెకిన్ లాంటి చిన్నవి తిన్న గంట, రెండు గంటల్లో పతాకస్థాయికి చేరి కొన్ని గంటల్లోనే మాయమవుతాయి. కాబట్టి వారానికోసారి ఎక్కువగా తీసుకుని లాభం లేదు, రోజూ కొంచెం ఉండాలి.

రెస్వెరట్రాల్ సంగతి లెక్కతోనే తేలిపోతుంది. రెడ్ వైన్ లీటరుకు అది సగటున 2 మి.గ్రా. దగ్గర ఉంటుంది. 150 మి.లీ. గ్లాసులో 0.3 మి.గ్రా. మనుషుల మీద పరీక్షల్లో తరచూ వాడిన మోతాదు 150 మి.గ్రా., అంతకు మించి కూడా. వైన్ నుంచి అంత రావాలంటే రోజుకు 75 లీటర్లు కావాలి. పోనీ మాత్రగా మింగితే? పేగులో బాగానే ఇంకుతుంది, కానీ పేగు గోడ, కాలేయం కలిసి దాని రూపం వెంటనే మార్చేస్తాయి. మారకుండా రక్తంలో మిగిలేది ఒక శాతం కూడా ఉండదు. ఇటలీలో కియాంటీ వైన్ ప్రాంతంలోని 783 మంది వృద్ధుల మూత్రంలో రెస్వెరట్రాల్ అవశేషాలు కొలిచి 9 ఏళ్లు గమనించారు. ఎక్కువ ఉన్నవాళ్లకు గుండెజబ్బు తగ్గలేదు, ఆయుష్షు పెరగలేదు. 2014లో అచ్చయిన అధ్యయనం ఇది. అంతకు ముందు ఏడాది కోపెన్‌హేగన్‌లో 65 ఏళ్ల వయసు మగవాళ్లకు వ్యాయామంతోపాటు రోజుకు 250 మి.గ్రా. ఇస్తే, వ్యాయామం వల్ల రావలసిన లాభం కొంత తగ్గింది. పైగా పెద్ద మోతాదులో ఇది ఆమ్లోడిపిన్‌నూ, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలనూ విరిచే కాలేయ ఎంజైమునే అడ్డుకుంటుంది, మందు రక్తంలో నిలిచిపోయే అవకాశం ఉంది. ఆ డబ్బు పండ్ల మీద పెట్టండి.

మీ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే పరీక్ష బార్సిలోనాలో జరిగి 2012లో అచ్చయింది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 67 మంది మగవాళ్లు, 55–75 ఏళ్ల వాళ్లు. అంటే దాదాపు మీ నాన్నగారి లాంటి వాళ్లే. ఒక్కొక్కరూ నాలుగేసి వారాలు మూడింటినీ తీసుకున్నారు: రోజుకు 272 మి.లీ. రెడ్ వైన్, అదే వైన్ ఆల్కహాల్ తీసేసి 272 మి.లీ., 100 మి.లీ. జిన్. ఆల్కహాల్ తీసేసిన వైన్ తాగిన నెలలో బీపీ పై అంకె సుమారు 6, కింది అంకె సుమారు 2 తగ్గాయి, రక్తంలో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగింది. మామూలు రెడ్ వైన్‌తో పై అంకెలో తగ్గుదల 2 దగ్గర ఆగింది, అది యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కూడా కావచ్చు. జిన్‌తో ఏ మార్పూ లేదు. పాలీఫినాల్స్ రెండు వైన్లలోనూ దాదాపు అంతే ఉన్నాయి. మరి పూర్తి వైన్ ఎందుకు ఓడిపోయింది? ఆల్కహాల్ ఒంటిని ఉద్రిక్తం చేసే సింపథెటిక్ నాడులను రెచ్చగొట్టి, నాళాలను బిగించే హార్మోన్లను పెంచి ఆ లాభాన్ని తినేస్తుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. తాగిన కొన్ని గంటలు నాళాలు వెడల్పై బీపీ నిజంగానే తగ్గుతుంది. రాత్రి మిషన్ పెట్టి చూస్తే 138 చూపిస్తుంది, వైన్ పనిచేసిందనుకుంటారు. 2020లో వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఈ పరీక్షలన్నీ కలిపి చూసింది: ఆల్కహాల్ 30 గ్రాములు దాటితే సుమారు 12 గంటల దాకా బీపీ తగ్గి, 13 గంటల తర్వాత పెరుగుతోంది. రాత్రి తొమ్మిదికి తాగితే మరుసటి రోజు పొద్దున పది తర్వాత అన్నమాట. ఆ వేళకు మిషన్ ఎవరూ పెట్టరు. 12.5 శాతం వైన్ 150 మి.లీ.లో ఆల్కహాల్ సుమారు 15 గ్రాములు, అంటే బ్రాందీ 45 మి.లీ.తో సమానం. మన ఇళ్లలోని స్టీలు గ్లాసు నిండుగా పోస్తే 250 మి.లీ. పట్టడం మామూలే. అప్పుడది 25 గ్రాములు. ఇక్కడి షాపుల్లో తక్కువ ధరకు దొరికే పోర్ట్ వైన్ అయితే పైన చక్కెర కూడా, షుగరు ఉన్నవాళ్లకు అది మరీ చేటు.

ఫ్రాన్సువాళ్లు వెన్న, జున్ను తింటూ కూడా గుండెపోటు తక్కువగా ఉంటారన్న మాట 1991లో అమెరికా టీవీలో, 1992లో లాన్సెట్ పత్రికలో వచ్చి లోకమంతా పాకింది. కొద్దిగా తాగేవాళ్లు అసలు తాగనివాళ్ల కంటే ఆరోగ్యంగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది కూడా. కానీ 'తాగనివాళ్ల' లెక్కలో జబ్బు చేసి మానేసినవాళ్లు కలిసిపోయారని 1988లోనే బ్రిటన్‌లో షేపర్ అనే పరిశోధకుడు ఎత్తిచూపాడు. జన్యువుల ఆధారంగా చేసిన తర్వాతి పరిశోధనల్లో ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. మనకు అంతకంటే దగ్గరి లెక్క, గుండెపోటు కారణాల మీద చాలా దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం. అందులో దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తే, మిగతా దేశాల వాళ్లకు సుమారు 59. మనవాళ్లలో మద్యం వల్ల రక్షణ కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మద్యానికి సురక్షితమైన మోతాదంటూ లేదని చెప్పింది. క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో మద్యం 1988 నుంచే ఉంది.

మీ నాన్నగారి మందుల సంగతికొస్తే, ఆమ్లోడిపిన్, ఆల్కహాల్ రెండూ నాళాలను ఒకేసారి వెడల్పు చేస్తే అర్ధరాత్రి బాత్రూముకు లేచినప్పుడు కళ్లు తిరిగి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో అతిగా మద్యం చేరితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. అరుదే, కానీ ప్రాణం మీదకు వస్తుంది. రేపు డాక్టరు గ్లిమెపిరైడ్ అనే ఇంకో షుగరు మాత్ర కలిపితే, రాత్రి తాగి తక్కువ తిన్న మరుసటి తెల్లవారికి షుగరు పడిపోవచ్చు. బాటిల్‌ను మరగబెట్టి ఆల్కహాల్ పోగొట్టి తాగిద్దామని కూడా చూడొద్దు. వంటకంలో కలిపి అరగంట ఉడికించినా సుమారు 35 శాతం ఆల్కహాల్ మిగిలే ఉంటుందని అమెరికా వ్యవసాయశాఖ పట్టికలు చెబుతాయి.

మరి ఆ తొక్క, గింజల లాభం మద్యం లేకుండా ఎలా? మన సీమలో దీనికి కొదవ లేదు. బెంగళూరు, చిక్కబళ్లాపురం చుట్టుపక్కల పండి హిందూపురం, అనంతపురం బజార్లకు వచ్చే గింజల నల్ల ద్రాక్ష, బెంగళూరు బ్లూ, అమెరికా కాంకర్డ్ ద్రాక్షకు చుట్టం. 1999లో గుండెజబ్బు ఉన్న 15 మందికి ఊదారంగు ద్రాక్షరసం 14 రోజులు ఇస్తే చేతి ధమని సడలే శక్తి రెండింతలు దాటింది. ముంజేతికి పట్టీ బిగించి 5 నిమిషాలు రక్తం ఆపి, వదిలాక ధమని ఎంత వెడల్పయిందో స్కానింగ్‌లో కొలిచే పరీక్ష అది. పరిశోధనల్లో వాడేదే, మీరు రాయించుకోనక్కర్లేదు. కానీ ఆ రసం మోతాదు కిలో బరువుకు 7.7 మి.లీ. 70 కిలోల మనిషికి అరలీటరు పైనే, అందులో చక్కెర 80 గ్రాముల పైమాటే. షుగరు ఉన్న మనిషికి అది ఇవ్వలేం. అందుకే రసం వద్దు, పండు తినమంటాను. రోజుకు గుప్పెడు, సుమారు 80 గ్రాములు, అన్నం లేదా సంగటి తిన్న వెంటనే. బెంగళూరు బ్లూ తొక్క వదులుగా ఉంటుంది కాబట్టి గుజ్జు జుర్రి తొక్క ఉమ్మేయడం చాలామందికి అలవాటు. ఉమ్మేసిందే మనకు కావలసింది. తొక్కను నమిలి మింగాలి. గింజలు ఒకటి రెండు నమిలితే చాలు, ఎక్కువైతే గొంతు పట్టేసినట్టుంటుంది. తొక్క తింటాం కాబట్టి కడగడం ముఖ్యం: లీటరు నీళ్లలో రెండు చిన్న చెంచాల వంటసోడా వేసి 15 నిమిషాలు నానబెట్టి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. పైన అంటిన పురుగుమందు చాలావరకు పోతుంది, లోపలికి ఇంకింది పోదు.

ఇంట్లో షుగరు లేనివాళ్లకు రసమే చేయాలంటే పచ్చిగా మిక్సీ వేయకండి. ద్రాక్షను చేత్తో నలిపి, స్టీలు గిన్నెలో మూతపెట్టి, ఆవిరి లేచేదాకా సన్నమంట మీద 10–15 నిమిషాలు ఉంచండి, పొంగు రానివ్వొద్దు. రంగు తొక్క నుంచి రసంలోకి దిగుతుంది, గాలికి నల్లబడేలా చేసే ఎంజైము కూడా చచ్చిపోతుంది. ఆరాక గుడ్డలో గట్టిగా పిండండి. ఇనుప మూకుడు వాడితే రంగు మురికి నీలంగా తిరుగుతుంది. చక్కెర కలపొద్దు, 100 మి.లీ. మించొద్దు. పులియబెట్టే పనిమాత్రం పెట్టుకోకండి. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం మన రాష్ట్రంలో నేరం.

ఉల్లిగడ్డలు కర్నూలు నుంచే వస్తాయి, వాటిలో క్వెర్సెటిన్ అనే పాలీఫినాల్ ఉంటుంది. 100 గ్రాముల ఎర్ర ఉల్లిలో సుమారు 20–40 మి.గ్రా. ఉల్లి పొట్టు సారంతో రోజుకు 162 మి.గ్రా. ఇచ్చిన జర్మనీ పరీక్షలో బీపీ ఉన్నవాళ్లకు 24 గంటల సగటు పై అంకె 3.6 తగ్గింది. ఆ మోతాదు కూరలో రాదు, కానీ దిశ అదే. పై పొరల్లోనే ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఎండు పొట్టు తీసి ఆపండి, కింద ఉన్న ఎర్రటి పొరను కూడా ఒలిచేయొద్దు. ఉడికించిన నీళ్లలోకి కొంత దిగుతుంది. పులుసులో అది ఎక్కడికీ పోదు, నీళ్లు వంపేస్తే పోతుంది.

చెనిక్కాయలు అనంతపురం వాళ్లకు చెప్పేదేముంది. విత్తనం మీది ఎర్ర పొట్టులో ప్రోసయానిడిన్లు ఉన్నాయి. ఊరుబిండికి వేయించినప్పుడు పొట్టు చెరిగేయకుండా అలాగే నూరండి, కాస్త వగరు తప్ప నష్టం లేదు. లేదా రోజుకు 30 గ్రాములు ఉడకబెట్టి పొట్టుతో తినడం. ఉప్పు వేయకుండా. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరి పారేయండి. వాటిలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉండవచ్చు, అది ఉడికించినా వేయించినా పూర్తిగా పోదు.

చీనీకాయ (బత్తాయి) గురించి ఒక మాట. ఇందులోని హెస్పెరిడిన్ అనే పాలీఫినాల్ తొనల మీది తెల్లటి పొరలో ఎక్కువ. ఫ్రాన్సులో 24 మంది మధ్యవయసు మగవాళ్లు రోజూ 500 మి.లీ. నారింజ రసం నాలుగు వారాలు తాగితే కింది అంకె తగ్గింది. మీ నాన్నగారు రసం తాగొద్దు, ఒక కాయ ఒలిచి తెల్లటి పొరతో సహా తొనలు తింటే సరిపోతుంది. ద్రాక్ష తిన్న రోజు చీనీ వద్దు, రెండింటిలో ఒకటి. టీ డికాషన్ కూడా ఇదే కోవలోది. బెర్లిన్‌లో 16 మంది స్త్రీల మీద చేసిన చిన్న పరీక్షలో పాలు కలిపితే ఆ లాభం పోయింది, పాలలోని కేసీన్ అనే ప్రొటీను టీలోని కాటెకిన్లను పట్టేస్తుంది. రోజులో ఒకటి డికాషన్‌గా తాగగలిగితే మంచిదే. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు మాత్రం టీని, ద్రాక్ష తొక్కను అన్నంతో కాకుండా గంట ఎడంగా తీసుకోవాలి, టానిన్ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

వీటన్నిటికీ మించి ఒకటి ఉంది. ఉప్పు రోజుకు 4 గ్రాములు తగ్గిస్తే బీపీ ఉన్నవాళ్లలో పై అంకె 5 దాకా తగ్గుతుంది. అంటే బార్సిలోనా పరీక్షలో ఆల్కహాల్ తీసేసిన వైన్ ఇచ్చినంత దాదాపు, ఖర్చు లేకుండా. సంగటిలోకి ఊరగాయ, అప్పడం రెండూ తీసేసి చూడండి. బీడీ, సిగరెట్టు ఉంటే ముందు అవి మానాలి: పొగతోనూ పెరిగిన షుగరుతోనూ పుట్టే సూపర్ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టినచోటే నాశనం చేస్తుంది, అప్పుడు ఎన్ని ద్రాక్షలు తిన్నా వృథా.

ఫలితం తెలియాలంటే కొలత సరిగా ఉండాలి. టీ, బీడీ తాగి అరగంట గడిచాక, మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద, మోచేతి మడతకు రెండు వేళ్లు పైన, చేయి గుండె ఎత్తులో బల్ల మీద. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పొద్దున మాత్ర వేసుకోకముందు రెండుసార్లు నిమిషం తేడాతో, రాత్రి రెండుసార్లు, 7 రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. తిండి మార్చి నాలుగు వారాలయ్యాక ఇంకో 7 రోజులు ఇలాగే. ఒక్క పూట 6 తగ్గితే అది ఏమీ చెప్పదు, సగటులో 4–5 తగ్గితే నిజంగా తగ్గినట్టు. ఇంటి సగటు 135/85 పైనే ఉంటే మందు సరిపోవడం లేదని అర్థం. ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, మోతాదు పెంచాలా, రెండో మందు కలపాలా అన్నది ఆయన చూస్తారు. పై అంకె 110 లోపు పడి తల తిరుగుతున్నా చెప్పాల్సింది ఆయనకే, ఆమ్లోడిపిన్‌ను మీరుగా ఆపొద్దు.